ఇంట్లో పులి, వీధిలో పిల్లి: వాల్టర్ మిషెల్ గురించి

వాల్టర్ మిషెల్ అనే అమెరికన్ సైకాలజిస్టు పేరు తెలియకపోయినా ఆయన చేసిన ప్రయోగం గురించి వినని తల్లిదండ్రులు ఈ రోజుల్లో తక్కువే. నాలుగేళ్ల పిల్లాడి ముందు ఒక మార్ష్‌మెల్లో, అంటే తెల్లగా దూదిలా మెత్తగా ఉండే తీపి బిళ్ల, పెట్టి "నేను తిరిగొచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తా" అని చెప్పి బయటికి వెళ్లిపోతారు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక మంచి మార్కులు, మంచి ఉద్యోగాలు తెచ్చుకున్నారు, ఆగలేనివాళ్లు వెనకబడ్డారు. స్కూళ్లలో జరిగే పేరెంటింగ్ వర్క్‌షాపుల్లో, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసుల్లో, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. చివర్లో "మొక్కై వంగనిది మానై వంగునా" అని ఒక సామెత కూడా తగిలిస్తారు.

నాకు ఈ కథ విన్నప్పుడల్లా బాధేస్తుంది. ఎందుకంటే మిషెల్ అరవై ఏళ్ల పాటు వాదించింది దాదాపుగా దీనికి వ్యతిరేకం. మనిషి మీద చిన్నప్పుడే ఒక ముద్ర వేసి, వీడు ఓపికమంతుడు, వీడు కోపిష్టి, ఈ పిల్ల పిరికిది అని తేల్చేసి, ఆ ముద్రని బట్టే జీవితమంతా ఊహించెయ్యడం కుదరదని చెప్పడానికే ఆయన పుస్తకాలు రాశాడు, గొడవలు పడ్డాడు, సొంత రంగంలోనే చాలామందికి శత్రువయ్యాడు. అలాంటి మనిషి పేరు చెప్పి పిల్లల నుదుటి రాత చదివే పరీక్ష ఒకటి ప్రచారంలో ఉండటం అన్యాయం. నేను ఎమ్మే సైకాలజీ చదివేటప్పుడు కూడా మా టెక్స్ట్‌బుక్‌లో ఆయనకు దక్కింది ఓ పేరా, అందులోనూ ఈ తీపి బిళ్లే. అందుకే ఆయన గురించి కాస్త తీరిగ్గా రాయాలనిపించింది.

మిషెల్ 1930లో వియన్నాలో పుట్టాడు. వాళ్ల ఇంటికీ, మనోవిశ్లేషణకి ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ ఇంటికీ నడిచి వెళ్లేంత దూరం. 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక, యూదులు కాబట్టి, ఆ కుటుంబం అన్నీ వదిలేసి పారిపోవాల్సి వచ్చింది, కొన్నాళ్లకి న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో తేలారు. వియన్నాలో బాగా బతికిన ఇల్లు అక్కడ ఒక చిల్లర సామాన్ల కొట్టు మీద ఆధారపడింది. పిల్లాడు అప్పుడు చూసిన దాన్నీ పెద్దయ్యాక అతను చెప్పిన సిద్ధాంతాన్నీ కలిపి ముడి వేసెయ్యడం తేలికే కానీ నేను ఆ పని చెయ్యను. ఒక్కటి మాత్రం అంటాను. ఊరు, భాష, డబ్బు, పరువు అన్నీ ఒక్కసారి మారిపోయినప్పుడు అమ్మానాన్నలు ఎలా వేరే మనుషుల్లా అవుతారో దగ్గరుండి చూసిన పిల్లాడికి "స్వభావం మారదు" అనే మాట అంత తొందరగా మింగుడుపడదు.

కాలేజీ అయ్యాక మాన్‌హట్టన్ దిగువ తూర్పు పేటలో పేద కుటుంబాల మధ్య సోషల్ వర్కర్‌గా పనిచేశాడు. అప్పటికి ఆయన ఫ్రాయిడ్ అంటే పడిచచ్చేవాడు. కానీ దొంగతనాలకీ కొట్లాటలకీ దిగే కుర్రాళ్ల ముందు కూర్చుని మనోవిశ్లేషణ మాటలు చెప్తే అవి ఎందుకూ కొరగావడం లేదని ఆ ఉద్యోగంలోనే అర్థమైంది. దాంతో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లి పీహెచ్‌డీలో చేరాడు, 1956లో పూర్తి చేశాడు. అక్కడ ఆయనకి ఇద్దరు గురువులు దొరికారు. ఒకరు జార్జ్ కెల్లీ, ప్రతి మనిషీ తన ప్రపంచాన్ని తనకి తోచిన రీతిలో అర్థం చేసుకుంటాడు, ఆ అర్థం మారితే మనిషీ మారతాడు అనేవాడు. ఇంకొకరు జూలియన్ రాటర్, ఏం చేస్తే ఏం జరుగుతుందని మనం ఎదురుచూస్తామో దాన్ని బట్టే మన ప్రవర్తన ఉంటుందనేవాడు. మిషెల్ ఆ తర్వాత చేసిన ప్రతి పనిలోనూ ఈ ఇద్దరూ కనిపిస్తారు.

తీపి బిళ్ల కథ నిజానికి మొదలైంది అమెరికాలో కాదు, ట్రినిడాడ్‌లో. 1950ల మధ్యలో ఆయనా, మానవశాస్త్రం చదివిన ఆయన మొదటి భార్యా వేసవి సెలవుల్లో ఆ దీవికి వెళ్లేవాళ్లు. వాళ్లు ఉన్న చోట ఆఫ్రికన్ మూలాల వాళ్లూ, భారతీయ మూలాల వాళ్లూ పక్కపక్కనే బతికేవాళ్లు. ఈ భారతీయులు ఎవరంటే, 1845 నుంచి 1917 దాకా చెరకు తోటల్లో కూలి ఒప్పందాల మీద ఓడలెక్కి వెళ్లినవాళ్ల సంతతి. ఎక్కువమంది కలకత్తా నుంచి వెళ్లిన భోజ్‌పురీ ప్రాంతాల వాళ్లే అయినా, మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లూ కొందరున్నారు, వాళ్లలో మన తెలుగువాళ్లు కూడా. మిషెల్ రెండు వర్గాల వాళ్లతోనూ కూర్చుని కబుర్లు చెప్పేవాడు. మనవాళ్లేమో "వాళ్లకి రేపటి చింత లేదు, ఇవాళ వచ్చింది ఇవాళే ఖర్చు" అనేవాళ్లు. అవతలివాళ్లేమో "వీళ్లు డబ్బంతా పరుపు కింద దాచుకుంటారు, బతుకులో ఒక్క రోజు సుఖపడరు" అనేవాళ్లు. ఇలాంటి మాటలు మనం ఏ ఊళ్లో వినలేదు? కులాల గురించీ, జిల్లాల గురించీ, ఆ ఒడ్డు వాళ్లు ఈ ఒడ్డు వాళ్ల గురించీ రోజూ వినేవే.

మిషెల్ వాదించలేదు, ఊళ్లో బడికి వెళ్లాడు. పిల్లల చేత చిన్న పనేదో చేయించి, ఈ చిన్న చాక్లెట్ ఇప్పుడే కావాలా, ఆ పెద్ద చాక్లెట్ వచ్చే వారం కావాలా అని అడిగాడు. రెండు వర్గాల మధ్య తేడా కనిపించింది. అక్కడితో ఆగి ఉంటే ఊరివాళ్ల మాటే నిజమని రాసి ఇంటికెళ్లిపోయేవాడు. ఆగలేదు. పిల్లల ఇళ్ల పరిస్థితి చూశాడు. తండ్రి ఇంట్లో లేని పిల్లలే ఎక్కువగా చిన్న చాక్లెట్ వెంటనే తీసుకుంటున్నారు. ఆలోచిస్తే అందులో వింతేముంది? ముక్కూమొహం తెలియని ఒక తెల్లాయన వచ్చి "వచ్చే వారం తెచ్చిస్తా" అంటే నమ్మాలంటే, మగవాళ్లు మాట ఇచ్చి నిలబెట్టుకోవడం ఆ పిల్ల ఎప్పుడైనా చూసి ఉండాలి. 1958లో అచ్చయిన ఆ పేపరు చిన్నదే కానీ, జాతి గుణంలా పైకి కనిపిస్తున్న దాని వెనక నమ్మకం అనే మాట ఉందని మిషెల్‌కి అప్పుడే అనుమానం వచ్చింది. ఎంతో కాలం తర్వాత జనం మరిచిపోయింది కూడా ఈ మాటనే.

కొలరాడోలో రెండేళ్లు, హార్వర్డ్‌లో నాలుగేళ్లు పనిచేసి 1962లో స్టాన్‌ఫర్డ్ చేరాడు. ఈలోగా ఇంకో పని తగిలింది. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ 1961లో, యువతని వేరే దేశాలకి సేవ చెయ్యడానికి పంపే పీస్ కోర్ పెట్టాడు కదా, దాని తరఫున నైజీరియాలో పాఠాలు చెప్పడానికి వెళ్లే అమెరికన్ యువతీయువకుల్ని ముందుగా పరీక్షించి, ఎవరు రాణిస్తారో చెప్పాలి. ఇంటర్వ్యూలు చేశారు, నిపుణులు బోర్డుగా కూర్చుని చర్చించి అంచనాలు వేశారు. తర్వాత నైజీరియాలో వాళ్లు నిజంగా ఎలా పనిచేశారో చూస్తే నిపుణుల అంచనాలకీ దానికీ పెద్దగా పొంతన లేదు. ఆ అభ్యర్థులే తమ గురించి తాము టిక్కులు పెట్టిన సాదా ప్రశ్నపత్రాలు కాస్త నయం. ఎంత ఖర్చు, ఎంత హడావిడి, ఎంతమంది పెద్దమనుషుల సమయం! ఇప్పటికీ క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఇరవై నిమిషాలు మాట్లాడి "ఈ అబ్బాయిలో లీడర్‌షిప్ లేదు" అని తేల్చేసే ప్యానెళ్లకి ఈ 1965 నాటి పేపరు ఒకసారి చదివి వినిపించాలనిపిస్తుంది నాకు.

అసలు గొడవ 1968లో వచ్చింది. ఆ ఏడాది మిషెల్ 'పర్సనాలిటీ అండ్ అసెస్‌మెంట్' అనే పుస్తకం వేశాడు. మొదలుపెట్టినప్పుడు అనుకున్నది ఈ రంగంలో అప్పటిదాకా జరిగిన పరిశోధనల్ని ఒక చోట చేర్చి సమీక్షించడం మాత్రమే. చేర్చి చూస్తే ఏం కనిపించిందంటే, వ్యక్తిత్వ పరీక్షలో ఒక మనిషికొచ్చిన స్కోరుకీ, ఆ మనిషి ఒక ఫలానా సందర్భంలో నిజంగా చేసే పనికీ మధ్య కోరిలేషన్, అంటే రెండు విషయాలు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె (అసలు కలవకపోతే 0, పూర్తిగా కలిస్తే 1), చాలా అరుదుగా 0.30 దాటుతోంది. లెక్కలు అలవాటు లేనివాళ్ల కోసం చెప్తున్నా, 0.30ని వర్గం చేస్తే 0.09. అంటే ఒక సందర్భంలో మనుషుల మధ్య కనిపించే తేడాల్లో వందకి తొమ్మిది పాళ్లే ఆ స్కోరుతో లెక్కకి అందుతున్నాయి. మిగతా తొంభై ఒక్క పాళ్లు ఇంకెక్కడో ఉన్నాయి.

ఆ పుస్తకంలో ఆయన వాడుకున్న పాత పరిశోధనల్లో నన్ను బాగా పట్టేసింది హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు 1920ల్లో చేసిన పని. వేల మంది బడి పిల్లలకి మోసం చెయ్యడానికీ, అబద్ధం ఆడటానికీ, చిల్లర కొట్టెయ్యడానికీ రకరకాల అవకాశాలు ఇచ్చి చూశారు. క్లాసులో, ఆటల్లో, ఇంటి దగ్గర. పిల్లలకేమో ఎవరూ చూడట్లేదనే అనిపిస్తుంది, పరిశోధకులకి మాత్రం తెలిసిపోతుంది. పుట్టు దొంగలు, పుట్టు సత్యహరిశ్చంద్రులు అని పిల్లలు రెండు గుంపులుగా విడిపోతారనుకుంటాం కదా, అలా జరగలేదు. లెక్కల పరీక్షలో జవాబు దిద్దుకున్న పిల్ల ఆటలో నిజాయితీగా స్కోరు చెప్పింది. ఆటలో మోసం చేసినవాడు డబ్బుల దగ్గర ఒక్క పైసా ముట్టుకోలేదు. ఒక చోట నిజాయితీకీ ఇంకో చోట నిజాయితీకీ సంబంధం ఉంది కానీ పలచగా ఉంది.

పుస్తకం వచ్చాక వ్యక్తిత్వ మనోవిజ్ఞానంలో దాదాపు ఇరవై ఏళ్లు యుద్ధమే నడిచింది. వ్యక్తా, పరిస్థితా అని దానికో పేరు కూడా పెట్టారు. కొందరు మిషెల్ వ్యక్తిత్వమే లేదంటున్నాడని తిట్టారు. ఆయన ఆ మాట అనలేదు, జీవితాంతం అనలేదని చెప్పుకుంటూనే ఉన్నాడు. ఎదుటి పక్షంలో దమ్మున్న వాదనలూ వచ్చాయి, వాటిని దాటవెయ్యడం నాకిష్టం లేదు. 1979లో సేమూర్ ఎప్‌స్టీన్, ఒక్క సందర్భం చూసి గుణాన్ని కొలవకండి, చాలా రోజులు చూసి సగటు తియ్యండి, అప్పుడు మనిషి మనిషిలాగే నిలకడగా కనిపిస్తాడు అని చూపించాడు. 1983లో డేవిడ్ ఫండర్, డేనియల్ ఓజర్ ఇంకో మంచి దెబ్బ కొట్టారు. పరిస్థితి ప్రభావం ఎంత గొప్పదో చెప్పడానికి అందరూ ఉదహరించే పేరుమోసిన ప్రయోగాలున్నాయి కదా, మనుషుల చేత ఎదుటివాడికి షాక్ ఇప్పించడం లాంటివి, వాటి ఫలితాల్నీ అదే కోరిలేషన్ లెక్కలోకి మార్చి చూస్తే అవీ 0.40 దగ్గరే తిరుగుతున్నాయి! అంటే 0.30 అని వెక్కిరించినంత చిన్నదేమీ కాదు, మనిషి ప్రవర్తన అనేది ఏ ఒక్క కారణానికీ లొంగే రకం కాదు.

నా మటుకు నాకు ఇద్దరూ నెగ్గారనిపిస్తుంది. పదేళ్ల సగటు తీస్తే మా బాబాయి మాటకారి అనేది నిజం, మా పిన్ని మితభాషి అనేది నిజం. కానీ రేపు ఉదయం బ్యాంకులో మేనేజర్ ముందు వాళ్లిద్దరిలో ఎవరు గట్టిగా మాట్లాడతారో చెప్పమంటే ఆ సగటు పెద్దగా పనికిరాదు. మనం పిల్లల గురించీ, ఉద్యోగుల గురించీ, కోడళ్ల గురించీ తీర్పులు చెప్పేది ఎక్కువగా ఈ రెండో రకం ప్రశ్నల మీదే.

ఇప్పుడు ఆ తీపి బిళ్ల దగ్గరికి వస్తాను. స్టాన్‌ఫర్డ్ క్యాంపస్‌లో 1966లో బింగ్ నర్సరీ స్కూల్ పెట్టారు. యూనివర్సిటీ వాళ్ల పిల్లలే ఎక్కువగా చదివేవాళ్లు, మిషెల్ ముగ్గురు కూతుళ్లూ అక్కడే చదివారు. అక్కడ ఒక చిన్న గది, ఒక బల్ల, బల్ల మీద చిన్న గంట. పిల్ల లోపలికి వస్తే ముందు ఆటలు, తర్వాత ఇష్టమైన తినుబండారం ఎంచుకోవడం. మార్ష్‌మెల్లో ఒక్కటే కాదు, బిస్కెట్లు, ప్రెట్‌జెల్స్ కూడా ఉండేవి. కథ చెప్పేవాళ్లు ఎప్పుడూ వదిలేసే భాగం దీని తర్వాత వస్తుంది. అసలు ప్రయోగం మొదలవ్వకముందే ఆ పిల్లకి గంట మోగించడం నేర్పిస్తారు. "నేను బయటికెళ్తా, నువ్వు గంట కొడితే వెంటనే వచ్చేస్తా" అని చెప్పి వెళ్తారు. పిల్ల గంట కొడుతుంది, మనిషి వెంటనే తలుపు తీసుకుని వస్తుంది. మళ్లీ వెళ్తుంది, మళ్లీ కొడుతుంది, మళ్లీ వస్తుంది. ఈ మనిషి మాట మీద నిలబడుతుందని పిల్లకి నమ్మకం కుదిరాకే అసలు బేరం: నా అంతట నేను వచ్చేదాకా ఆగితే రెండు, ఆగలేకపోతే గంట కొట్టు, అప్పుడు ఒకటి. ట్రినిడాడ్‌లో నేర్చుకున్న పాఠం ఆ గంటలో ఉంది.

తర్వాత పిల్లలు చేసిన పనులు చదువుతుంటే ముద్దొస్తుంది. చేతులతో కళ్లు మూసుకునేవాళ్లు, కుర్చీ వెనక్కి తిప్పుకునేవాళ్లు, బల్లని తన్నేవాళ్లు, సొంతంగా పాటలు కట్టి పాడుకునేవాళ్లు, కాళ్లూ చేతులతో ఆటలు కనిపెట్టేవాళ్లు, ఏమీ తోచక నిద్రపోయేవాళ్లు. మిషెల్ ఎవరు గొప్ప అని మార్కులు వెయ్యడానికి ఇదంతా చెయ్యలేదు. ఏ పద్ధతి వాడితే ఆగడం సులువవుతుంది అన్నదే ఆయన ప్రశ్న. అందుకే పిల్లల్ని లాటరీ పద్ధతిలో గుంపులుగా విడగొట్టి పరిస్థితిని మార్చి చూశాడు. తినేవి కళ్లెదురుగా పెడితే సగటున ఒక్క నిమిషం కూడా గట్టిగా నిలవలేదు, గంట కొట్టేశారు. కనపడకుండా తీసేస్తే అదే వయసు పిల్లలు, అదే బడి పిల్లలు, సగటున పదకొండు నిమిషాలు ఆగారు. ఇంకో ప్రయోగంలో, ఎదురుగా ఉన్నది నిజమైంది కాదు, ఫొటో అనుకో, దాని చుట్టూ మనసులోనే ఒక ఫ్రేమ్ కట్టుకో అని చెప్తే ఇంకా ఎక్కువసేపు ఆగారు. ఎలా ఆగావని అడిగితే ఓ పిల్ల, ఫొటోని ఎలా తింటాం అని ఎదురు ప్రశ్న వేసిందట. అదే మార్ష్‌మెల్లోని తెల్లమబ్బులా ఊహించుకో అంటే ఆగగలిగారు, నోట్లో ఎంత తియ్యగా మెత్తగా ఉంటుందో ఊహించుకో అంటే తట్టుకోలేకపోయారు.

ఒక్క నిమిషానికీ పదకొండు నిమిషాలకీ తేడా పిల్లల రక్తంలో ఉందా, మరుగున పెట్టడంలో ఉందా? ఆ పిల్లల గుణం మార్చడానికి ఎవరూ నెలల తరబడి శిక్షణ ఇవ్వలేదు, ఒక్క వాక్యం చెప్పారు, అంతే. నా దృష్టిలో మిషెల్ చేసిన అతి అందమైన పని ఇది. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం దీన్ని కాదు.

జనం గుర్తుపెట్టుకున్న భాగం భోజనాల బల్ల దగ్గర మొదలైంది. ఏళ్లు గడిచాక మిషెల్ తన కూతుళ్లని "మీ ఫ్రెండ్ ఎలా ఉన్నాడు, ఫలానా అమ్మాయి ఎలా చదువుతోంది" అని మామూలుగా అడిగేవాడు. వింటుంటే చిన్నప్పుడు ఎక్కువసేపు ఆగిన పిల్లలు స్కూల్లో బాగున్నట్టు అనిపించింది. దాంతో 1980ల్లో ఆ పిల్లల్ని వెతికి ప్రశ్నపత్రాలు పంపించారు. 1990లో యూచి షోదా, ఫిలిప్ పీక్‌లతో కలిసి వేసిన పేపర్లో, ఆగిన సమయానికీ, తర్వాత కాలేజీలో చేరడానికి అక్కడ రాసే శాట్ పరీక్ష మార్కులకీ గట్టి సంబంధం కనిపించిందని రాశారు. ఇక్కడ రెండు సంగతులు జాగ్రత్తగా చూడాలి. ఆ ప్రయోగాల్లో పాల్గొన్న పిల్లలు ఆరువందలకి పైనే, కానీ ఆ శాట్ లెక్క నిలబడింది 35 మంది మీద. అదీ తినేవి ఎదురుగా కనపడుతూ, ఏ చిట్కా చెప్పకుండా వదిలేసిన గుంపులోనే. మిగతా గుంపుల్లో అలాంటి సంబంధం బలంగా కనిపించలేదు. ఇంత చిన్న గుంపుని చూసి పెద్ద మాటలు అనకూడదని రాసినవాళ్లే ఆ పేపర్లో హెచ్చరించారు. ఆ హెచ్చరికని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనన్ క్వాన్ అనే ముగ్గురు రకరకాల ఆర్థిక స్థితులున్న కుటుంబాల నుంచి 918 మంది పిల్లల సమాచారం తీసుకుని మళ్లీ లెక్క వేశారు. పాత సంబంధం సగానికి పడిపోయింది. ఇంటి పరిస్థితులు, తల్లి చదువు, పిల్లలకి అప్పటికే ఉన్న తెలివితేటలు కూడా లెక్కలోకి తీసుకుంటే మిగిలిన దాంట్లో ఇంకో మూడింట రెండు వంతులు పోయింది. "మార్ష్‌మెల్లో పరీక్ష అబద్ధమని తేలింది" అని పత్రికలు హెడ్డింగులు పెట్టాయి. నాకైతే ఇది మిషెల్ 1958లో ట్రినిడాడ్‌లో చెప్పిన దానికి దగ్గరగా తిరిగి రావడంలా అనిపించింది. 2013లో అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో సెలెస్ట్ కిడ్ బృందం చేసిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంది. ముందు పిల్లలకి అరిగిపోయిన క్రేయాన్లు ఇచ్చి, ఆగితే మంచివి తెస్తా అన్నారు. సగం మందికి తెచ్చారు, సగం మందికి "అయ్యో, లేవమ్మా, సారీ" అన్నారు. స్టిక్కర్లతోనూ అలాగే చేశారు. ఆ తర్వాత మార్ష్‌మెల్లో బేరం పెడితే, మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు, మాట తప్పిన మనిషి కోసం మూడు నిమిషాలు. మొత్తం 28 మంది పిల్లలే, చిన్న ప్రయోగమే, అయినా చదివినప్పుడు గుండె కాస్త కలుక్కుమంది. "రేపు బజారుకెళ్లినప్పుడు కొంటాలే" అని మన ఇళ్లలో ఎన్నిసార్లు అంటాం, ఎన్ని రేపులు గడిచిపోతాయి! ఆ మాట విని పెరిగిన పిల్లాడు దొరికింది దొరికినట్టు తినేస్తే వాడికి ఓపిక లేదని ఎలా అంటాం?

1983లో మిషెల్ కొలంబియా యూనివర్సిటీకి మారాడు. అక్కడ షోదాతో కలిసి చేసిన పని ఆయన సిద్ధాంతానికి అసలు నిండుతనం తెచ్చిందని నా నమ్మకం, మన దగ్గర దాని గురించి ఎవరూ మాట్లాడరు. న్యూ హాంప్‌షైర్‌లో వెడికో అనే వేసవి శిబిరం ఉండేది. కోపం, కొట్లాటలు, ముడుచుకుపోవడం లాంటి ఇబ్బందులున్న పిల్లలు ఆరు వారాలు అక్కడ ఉండేవాళ్లు. మిషెల్ బృందం ఒక్కో పిల్లాణ్ణి వంద గంటలకి పైగా గమనించింది. ఎన్నిసార్లు కొట్టాడు అని మొత్తం లెక్కపెట్టి ఊరుకోలేదు. ఐదు రకాల సందర్భాలు విడిగా రాసుకున్నారు: తోటి పిల్లాడు ఏడిపించినప్పుడు, తోటి పిల్లాడు మామూలుగా పలకరించినప్పుడు, పెద్దవాళ్లు మెచ్చుకున్నప్పుడు, హెచ్చరించినప్పుడు, శిక్షించినప్పుడు.

అప్పుడు బయటపడింది. ఇద్దరు పిల్లల కోపం సగటు ఒకటే. రిపోర్టులో ఇద్దరికీ ఒకే మాట రాస్తారు, "దూకుడు ఎక్కువ". కానీ ఒకడు తోటివాళ్లు ఎంత ఏడిపించినా నవ్వి ఊరుకుంటాడు, పెద్దవాళ్లు వేలు చూపించి హెచ్చరిస్తే మాత్రం భగ్గుమంటాడు. ఇంకొకడు పెద్దల ముందు బుద్ధిమంతుడు, తోటివాడు స్నేహంగా దగ్గరికొస్తేనే చెయ్యి లేస్తుంది. ఇదేదో ఆ రోజు మూడ్ కాదు, వారాల తరబడి అదే పిల్లాడిలో అదే తీరు. ఇలా జరిగితే అలా చేస్తాడు, అలా జరిగితే ఇలా చేస్తాడు అనే ఈ అమరికనే మిషెల్ మనిషి సంతకం అన్నాడు. 1968లో తనకి ఎదురైన ప్రశ్నకి ఆయన తనే ఇచ్చుకున్న జవాబు ఇది: నిలకడ ఉంది, కానీ మనం సగటులో వెతికాం, అది ఉన్నది తేడాల్లో.

ఈ మాట మన పెద్దవాళ్లకి కొత్తేమీ కాదు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అనే సామెత అచ్చంగా ఇదే కదా. ఆ మనిషి సగటున ఎంత పులి, ఎంత పిల్లి అని ఎవరూ లెక్కెయ్యరు. ఇంట్లో ఎందుకు పులి, వీధిలో ఎందుకు పిల్లి అని చూస్తేనే అతనేంటో తెలుస్తుంది. ఆఫీసులో బాస్ ఎన్ని అన్నా కిక్కురుమనని మనిషి ఇంటికొచ్చి కంచం విసిరేస్తాడంటే అతనిది "కోపిష్టి స్వభావం" అని వదిలెయ్యడం తప్పు. తిరిగి ఏమీ అనలేనివాళ్ల ముందే వస్తున్న కోపం అది.

మా పాప విషయంలో ఇది నాకు బాగా పనికొచ్చింది. పేరెంట్ టీచర్ మీటింగ్‌లో టీచర్ "పాప చాలా ఇంట్రావర్ట్ అండీ, అస్సలు మాట్లాడదు, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులో వెయ్యండి" అన్నారు. ఇంట్లో వాళ్ల అమ్మమ్మ "కాసేపు నోరు ముయ్యవే తల్లీ" అని బతిమాలుకునేంత వాగుడుకాయ అది. టీచర్‌ది అబద్ధమనీ కాదు, అమ్మమ్మది అతిశయోక్తీ కాదు. అందుకని "మేడమ్, ఏ టైమ్‌లో మాట్లాడదో కొంచెం గమనించి చెప్తారా?" అని అడిగాను. ఆవిడ మంచావిడ, విసుక్కోకుండా నిజంగానే గమనించారు. తర్వాత ఫోన్ చేసి "పేరు పిలిచి నిలబెట్టి అడిగితే బిగుసుకుపోతుందండీ, ముగ్గురు నలుగురు కలిసి చేసే వర్క్ ఇస్తే మాత్రం తనే లీడ్ చేస్తోంది, నేనే ఆశ్చర్యపోయాను" అన్నారు. క్లాసులో నిలబెట్టి అడిగే ముందు పక్కపిల్లతో కలిసి జవాబు అనుకునేందుకు కొంచెం టైమ్ ఇస్తే టెన్షన్ తగ్గుతుందేమో అని ఆవిడే అన్నారు. అలాగే చేస్తున్నారు. ఏ క్లాసులోనూ వెయ్యలేదు.

మిషెల్ సొంత జీవితంలో ఒక సంగతి ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ఆయన రోజుకి మూడు ప్యాకెట్ల సిగరెట్లు కాల్చేవాడు, పైగా పైపు కూడా. ప్రమాదమని తెలుసు, ఆగే కిటుకుల మీద ప్రపంచంలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడూ ఆయనే, అయినా మానలేదు. ఒకరోజు స్టాన్‌ఫర్డ్ ఆస్పత్రి నడవాలో చక్రాల మంచం మీద ఒక మనిషిని తీసుకెళ్తుంటే చూశాడు. గుండు, ఛాతీ మీదా తల మీదా ఆకుపచ్చ రంగుతో చిన్న చిన్న గుర్తులు. ఏంటని నర్సుని అడిగితే, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒళ్లంతా పాకింది, రేడియేషన్ ఎక్కడెక్కడ ఇవ్వాలో ఆ గుర్తులు అంది. ఆ దృశ్యం కళ్లముందు నుంచి పోలేదు. ఇంటికెళ్లాక సంకల్పబలం మీద భారం వెయ్యలేదు. కాల్చి పారేసిన పీకలన్నీ ఒక డబ్బాలో నింపి పెట్టుకున్నాడు, సిగరెట్ కావాలనిపించినప్పుడల్లా ఆ డబ్బా మూత తీసి కడుపులో తిప్పేదాకా వాసన పీల్చేవాడు. మూడేళ్ల కూతురికి బొటనవేలు చీకే అలవాటు ఉంది, ఆ పిల్లతో ఒప్పందం పెట్టుకున్నాడు: నువ్వు వేలు మానెయ్, నేను సిగరెట్ మానేస్తా. ఇద్దరూ మానేశారు.

నోరూరించేదాన్ని అసహ్యంగా చేసుకోవడం, ఎప్పుడో రాబోయే జబ్బుని ఇప్పుడే కళ్లముందు పెట్టుకోవడం, మాట తప్పలేని మనిషికి మాట ఇవ్వడం. బింగ్ స్కూల్ పిల్లలకి నేర్పిన కిటుకులకి ఇవి చుట్టాలే. 1999లో జానెట్ మెట్‌కాఫ్‌తో కలిసి ఆయన దీన్ని, ఇప్పుడే కావాలని తొందరపెట్టే వేడి వ్యవస్థ, ఆలోచించి ఆపే చల్లని వ్యవస్థ అని సిద్ధాంతంగా రాశాడు, కానీ నాకు ఆ పేపరు కంటే పీకల డబ్బానే ఎక్కువ నచ్చుతుంది.

ముసలితనంలో కూడా ఊరుకోలేదు. 2013లో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమంలో, బిస్కెట్ కనపడితే ఆగలేని కుకీ మాన్‌స్టర్ బొమ్మకి ఆగడం నేర్పించే ఎపిసోడ్లకి సలహాదారుగా ఉన్నాడు. అక్కడా ఫ్రేమ్ కట్టి ఊహించుకోవడం లాంటి చిట్కాలే.

2018 సెప్టెంబర్‌లో, 88 ఏళ్ల వయసులో, పాంక్రియాస్ క్యాన్సర్‌తో న్యూయార్క్‌లో చనిపోయాడు. చివరి ఏళ్లలో ఆయన కొందరు ఆర్థికవేత్తలతో కలిసి ఆ బింగ్ పిల్లల్లోనే 113 మందిని మళ్లీ వెతికి పట్టుకునే పనిలో ఉన్నాడు. వాళ్లకి అప్పటికి నలభై ఐదు దాటాయి. ఏం వెతకబోతున్నారో, లెక్క ఎలా వెయ్యబోతున్నారో ముందే రాసి పెట్టుకుని, ఆస్తి, అప్పులు, జీతం, పొదుపు లాంటివన్నీ అడిగారు. ఆ పేపరు ఆయన పోయాక 2020లో వచ్చింది, రచయితల్లో ఆయన పేరు ఉంది. నాలుగేళ్ల వయసులో ఆ గదిలో ఎంతసేపు ఆగారన్న ఒక్క సంగతి, నడివయసులో వాళ్ల ఆర్థిక స్థితి గురించి దాదాపుగా ఏమీ చెప్పలేకపోయింది. పదిహేడేళ్లప్పుడు, ఇరవై ఏడేళ్లప్పుడు, ముప్ఫై ఏడేళ్లప్పుడు తమను తాము ఎలా అదుపు చేసుకుంటున్నారో అడిగి రాసుకున్న జవాబులు కూడా కలిపితేనే ఏదో కొంత తెలిసింది. ఈసారి వర్క్‌షాపులో ఎవరైనా ఆ కథ మొదలుపెడితే ఈ పేపరు సంగతి కూడా అడగండి.